జూన్ 5న టీషర్టులు ఇచ్చిండ్రు సరే, వాటర్ ప్లాంటు తాళం ఎవరు తీస్తరు?

చెరువుకట్ట_పోరడు • 2025 జూన్ 6, ఉదయం 7:12

అందరికీ నమస్తే. మాది వరంగల్ జిల్లా గీసుగొండ దిక్కు ఒక ఊరు. బీటెక్ అయి రెండేళ్లయింది, ఇంట్లనే ఉండి గ్రూప్స్‌కు చదువుతున్న.

నిన్న పర్యావరణ దినం అని ఒక కంపెనీవాళ్లు రెండు బండ్లల్ల మా ఊరికి వచ్చిండ్రు. పేరు ఇక్కడ రాయను, ఊర్ల మాటలొస్తయి. పోరగాళ్లందరికీ ఆకుపచ్చ టీషర్టులు పంచిండ్రు. ముందల కంపెనీ బొమ్మ, ఎనక ‘యువత చేతిలో హరిత భవిత’. స్కూలు కాంపౌండు పొంటి మొక్కలు పెట్టిపిచ్చి, డ్రోన్‌తోని ఫొటోలు తీసుకున్నరు. ఇంతవరకు బాగనే ఉంది.

కత ఏందంటే, మేము మొక్కలు పెట్టిన జాగకు ఇరవై అడుగుల దూరంల ఇదే కంపెనీ కట్టించిన వాటర్ ప్లాంటు ఉంది. 2021 మార్చి ఆఖర్ల రిబ్బన్ కట్ చేసిండ్రు. ఏడాది పైన రెండు మూడు నెలలు నడిచింది. తర్వాత నీళ్లు వడపోసే మెంబ్రేన్ పోయిందన్నరు, మోటరు కాలిందన్నరు, ఇగ తాళం. షట్టర్ తుప్పు పట్టింది గని మీద బోర్డు మాత్రం కొత్తదాని తీరుగనే ఉంది. ఫొటోలల్ల అది పడకుండ డ్రోన్ తిప్పినట్టు నాకనిపించింది, నా అనుమానమే కావచ్చు.

నేను ఆగలేక వచ్చిన మేడంను అడిగిన. ‘అది మీ పంచాయతీకి హ్యాండోవర్ చేసేశాం బాబూ’ అన్నది. పంచాయతీ కార్యదర్శిని అడిగితే ‘నేనొచ్చి ఎనిమిది నెలలు, నాకేం కాయితం తెల్వదు’ అన్నడు. సర్పంచును అడుగుదామంటే నిరుడు ఫిబ్రవరి నుంచి సర్పంచులే లేరు, స్పెషల్ ఆఫీసర్ పాలన. ఆ సారుకు ఇంకో మూడు ఊర్లున్నయి.

గిట్లాంటప్పుడు ఎవరిని అడగాలె? కంపెనీని అడిగే హక్కు మనకు అసలు ఉందా, లేక వాళ్లు ధర్మం చేసిండ్రు, మనం దండం పెట్టి ఊకోవాల్నా?

---

నౌకరీ_ముఖ్యం • జూన్ 6, 8:40

తమ్మీ, మొదలు నౌకరీ చూస్కో. టెక్స్‌టైల్ పార్కుకు 2017ల శంకుస్థాపన అయితే పనులు నడుస్తనే ఉన్నయి. ఇప్పుడిప్పుడే కంపెనీలు వచ్చి ఆడపిల్లలకు మిషన్ల మీద పని ఇస్తున్నయి. మీరు దరఖాస్తులు, ధర్నాలు అంటే ఉన్నది గూడ పోతది. ఆజంజాహి మిల్లు 2002ల మూసినంక వరంగల్‌ల ఎన్ని కొంపలు కూలినయో మా నాయినను అడుగు. నీళ్ల క్యాను 10 రూపాయలకు దొరుకుతది, కొలువు దొరకది.

---

బొగ్గుబాయి_తాత • జూన్ 6, 9:15

నౌకరీ బిడ్డా, నువ్వన్న దాంట్ల సగం నిజమే. నేను గోదావరిఖనిల 34 ఏండ్లు బాయిల దిగిన. కంపెనీ అన్నం పెట్టింది, కాదనను. గని అన్నం పెట్టినోనిని ‘లెక్క చెప్పు’ అని అడిగితే అన్నం ఆగిపోతదనుకునుడు తప్పు. మేము అడిగినం గనుకనే లాభంల వాటా వచ్చింది. నిరుడు 2024ల సింగరేణి లాభంల 33 శాతం, 796 కోట్లు, కార్మికులకు పంచిండ్రు. కాంట్రాక్టోళ్లకు సుత తొలిసారి మనిషికి 5 వేలు ముట్టినయి. 5 వేలు ఏం సరిపోతయి అంటే అది వేరే పంచాయితీ. ఏదైనా అడగకుండ రాలేదు.

అడిగే తీరు తెల్వాలె. గంతే.

---

లెక్కలక్క • జూన్ 6, 11:02

నేను కంపెనీ సెక్రటరీగా పని చేస్తాను. పుట్టిల్లు హన్మకొండ, ఉద్యోగం హైదరాబాద్. తమ్ముడి ప్రశ్నకు చట్టం వైపు నుంచి చెప్తాను. కాస్త పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

ముందు ‘ధర్మం’ మాట తీసేద్దాం. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ 2014 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. గడిచిన ఆర్థిక సంవత్సరంలో నికర విలువ 500 కోట్లు గానీ, టర్నోవర్ 1000 కోట్లు గానీ, నికర లాభం 5 కోట్లు గానీ దాటిన కంపెనీ గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు పెట్టాలి. దీన్నే సీఎస్ఆర్ అంటాం. మూడేళ్ల లాభాలు 40, 50, 60 కోట్లు అనుకో. సగటు 50, అందులో 2 శాతం కోటి రూపాయలు. ఇది దయ కాదు, చట్టం పెట్టిన బాధ్యత. 2021 జనవరి నుంచి ఖర్చు పెట్టకపోతే జరిమానా కూడా వచ్చింది: కట్టాల్సిన దానికి రెట్టింపు లేదా కోటి రూపాయలు, ఏది తక్కువైతే అది. పెద్ద కంపెనీకి కోటి ఒక లెక్కా అని మీరు అడగొచ్చు. అడగండి, నాకూ ఆ సందేహం ఉంది.

‘స్థానిక ప్రాంతానికి ప్రాధాన్యం’ అని చట్టంలో మాట ఉంది. అది సూచనే తప్ప గట్టి నిబంధన కాదని కేంద్రమే వివరణ ఇచ్చింది. కాబట్టి ‘మా ఊళ్లోనే పెట్టాలి’ అని పట్టుబట్టడానికి చట్టం అంతగా ఆసరా ఇవ్వదు.

నీకు పనికొచ్చేది ఇది. 2021 జనవరి 22న వచ్చిన సవరణ నిబంధనల ప్రకారం సీఎస్ఆర్ డబ్బుతో కట్టిన ఆస్తి కంపెనీ పేరు మీద ఉండకూడదు. సీఎస్ఆర్ రిజిస్ట్రేషన్ ఉన్న ట్రస్టు లేదా సొసైటీ లాంటి సంస్థ పేరు మీదనో, లబ్ధిదారుల సంఘం పేరు మీదనో, ప్రభుత్వ సంస్థ పేరు మీదనో ఉండాలి. మీ ప్లాంటు 2021 మార్చిది అంటున్నావు, అంటే ఈ నిబంధన వచ్చిన రెండు నెలలకు. కాబట్టి ఎక్కడో ఒక అప్పగింత కాగితం ఉండే తీరాలి. దాన్ని పట్టుకో. మొదటి ప్రశ్న ‘ప్లాంటు ఎందుకు నడవట్లేదు’ కాదు. ‘ప్లాంటు ఎవరిది?’

---

చెరువుకట్ట_పోరడు • జూన్ 6, 11:30

అక్కా, గిది నాకు ఎవ్వరూ చెప్పలే. ఆ కాయితం ఎక్కడ దొరుకుతది? కంపెనీ మీద సమాచార హక్కు నడవదు గదా?

---

లెక్కలక్క • జూన్ 6, 11:48

ప్రైవేటు కంపెనీ మీద నేరుగా నడవదు. పంచాయతీ మీద నడుస్తుంది. అప్పగించామని వాళ్లంటే, తీసుకున్నవాళ్ల దగ్గర కాపీ ఉండాలి కదా. మన రాష్ట్రంలో గ్రామస్థాయిలో దరఖాస్తుకు ఫీజు లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆ పైన 10. జవాబుకు 30 రోజులు. ‘ప్లాంటు ఎందుకు మూతపడింది’ అని కారణం అడగకు, జవాబు రాదు. ‘ఫలానా ప్లాంటుకు సంబంధించి పంచాయతీ ఫైలులో ఉన్న అన్ని పత్రాల నకళ్లు, కరెంటు బిల్లులు, తీర్మానాలు’ అని అడుగు. కాగితాలు అడిగితే కాగితాలు వస్తాయి.

ఇంకో పని: కంపెనీ వార్షిక నివేదికలో సీఎస్ఆర్ అనుబంధం ఉంటుంది. 2020–21ది తీయి. కేంద్రం నడిపే జాతీయ సీఎస్ఆర్ పోర్టల్‌లో కూడా కంపెనీ పేరుతో వెతకొచ్చు.

---

గుట్టలు_గాయబ్ • జూన్ 6, రాత్రి 9:20

కరీంనగర్ నుంచి. మా దగ్గర నీళ్ల ప్లాంటు కాదు, గుట్టలే పోతున్నాయి. మా గ్రానైట్‌కు ‘టాన్ బ్రౌన్’ అని ప్రపంచమంతా పేరు, మాకు మాత్రం మిగిలింది నీళ్లు నిండిన గుంతలు. చిన్నప్పుడు సీతాఫలాలకు ఎక్కిన గుట్ట ఇప్పుడు రోడ్డు మీది నుంచి చూస్తే సగం కోసిన కేకు లెక్క ఉంటుంది.

నేను ఎంఎస్సీ చదివేటప్పుడు ఒక క్వారీ కోసం పెట్టిన ప్రజాభిప్రాయ సేకరణకు పోయిన. యువత పాత్ర అని అందరూ మాట్లాడతారు గదా, ఆ రోజు చూసిన యువత పాత్ర ఏందంటే: కుర్చీలు వేసింది యువత, బిర్యానీ ప్యాకెట్లు పంచింది యువత, బయట జెండాలు పట్టుకున్నది రెండు దిక్కులా యువతే. మాట్లాడింది మాత్రం పెద్దమనుషులు, అదీ ముందే రాసుకొచ్చింది.

పర్యావరణ ప్రభావ నివేదిక లావు పుస్తకం, మొత్తం ఇంగ్లీషు. దాని సారాంశం తెలుగులో ఇవ్వాలని 2006 సెప్టెంబర్ 14 నాటి నోటిఫికేషన్‌లో ఉంది, ఇచ్చారు కూడా. కొన్ని పేజీలు. నేను ఆ రెండూ కలెక్టరేట్‌లో కూర్చొని చదివిన. సారాంశంలో ‘సమీపంలో నీటివనరులు లేవు’ అని ఉంది. పుస్తకం లోపల మ్యాపులో మా కుంట నీలం రంగులో కనబడుతుంది! మైకు దొరికిన మూడు నిమిషాల్లో ఆ ఒక్క మాటే చెప్పిన. పేజీ నంబర్‌తో సహా. వీడియో తీస్తారు, మినిట్స్ రాస్తారు, చివర్ల వాటిని తెలుగులో చదివి వినిపించాలి. వినిపించే దాకా కదలలేదు. నా మాట ‘ఒక విద్యార్థిని నీటి సమస్యను ప్రస్తావించారు’ అని రాశారు. కాదు సార్, పేజీ నంబర్ రాయండి అని పట్టుబట్టిన. రాశారు.

క్వారీ ఆగిందా అంటే ఆగలేదు. అనుమతిలో కుంట వైపు వదలాల్సిన దూరం షరతుగా వచ్చింది. అంతే వచ్చింది. కానీ ఆ షరతు పట్టుకొని ఇప్పటికీ అడుగుతున్నం.

---

బొగ్గుబాయి_తాత • జూన్ 6, 9:41

గుట్టల బిడ్డా, శాబాష్. పేజీ నంబర్ అన్న మాట నాకు మస్తు నచ్చింది. ఓపెన్‌కాస్టులు వచ్చినంక మా దిక్కు గూడ గుట్టలు తయారైనయి, గని అవి మట్టి గుట్టలు, బొగ్గు మీది మట్టి తీసి పోసిన ఓబీ డంపులు. నీ దగ్గర గుట్ట పోయి గుంతయింది, మా దగ్గర గుంత తీసి గుట్ట చేసిండ్రు.

---

గుట్టలు_గాయబ్ • జూన్ 6, 9:50

తాతా 😄

ఇంకొకటి చెప్పడం మర్చిపోయిన. అనుమతి వచ్చిన ప్రాజెక్టు ఏటా రెండుసార్లు, జూన్ 1కి, డిసెంబర్ 1కి, షరతుల అమలు నివేదిక ఇవ్వాలి. అది బహిరంగ పత్రం. మా ఫ్రెండ్స్ నలుగురం ఆరు నెలలకోసారి దాన్ని తీసి చూస్తం. ఒకసారి ‘నాటిన మొక్కలన్నీ బతికి ఉన్నాయి’ అని ఉంటే పోయి లెక్కపెట్టినం. మొక్కలు లేవు, మేకలున్నయి.

---

ఎన్ఎస్ఎస్_సార్ • జూన్ 7, ఉదయం 6:30

మొక్కల మాట వచ్చింది కాబట్టి నేనూ ఒకటి. హన్మకొండలో డిగ్రీ కాలేజీలో ఎన్ఎస్ఎస్ చూస్తుంటాను. మన రాష్ట్ర పంచాయతీరాజ్ చట్టం, 2018ది, నాటిన మొక్కల్లో 85 శాతం బతకాలంటుంది. బతక్కపోతే సర్పంచు మీద, కార్యదర్శి మీద చర్య. చిన్న ఊరి సర్పంచుకు ఈ లెక్క ఉంది. కోట్ల లాభం వచ్చే కంపెనీ జూన్ 5న పెట్టిన మొక్కకు ఏ లెక్కా లేదు. నాటిన సంఖ్య నివేదికలోకి ఎక్కుతుంది, బతికిన సంఖ్య అడిగేవాడు లేడు.

మా దగ్గర కూడా తప్పుంది, ఒప్పుకుంటాను. ఎన్ఎస్ఎస్ విద్యార్థి రెండేళ్లలో 240 గంటలు సేవ చేయాలి. ఆ గంటలు నింపడానికి మేం సులువైన దారి వెతుక్కుంటాం: ర్యాలీ, ప్రతిజ్ఞ, చీపురు పట్టుకొని ఫొటో. కంపెనీ ఫోన్ చేసి ‘సార్, వందమంది పిల్లలు కావాలి, టిఫిన్ మాదే’ అంటే బస్సు ఎక్కించి పంపిన రోజులున్నాయి. పిల్లలకు గంటలు, వాళ్లకు జనం, నాకు సర్టిఫికెట్. ఎవరికీ నష్టం లేదనుకున్నాను.

నిరుడు వారం రోజుల స్పెషల్ క్యాంపులో మొదటిసారి దారి మార్చాం. పిల్లల్ని జట్లుగా చేసి చుట్టుపక్కల ఊళ్లకు పంపి ఇలాంటి బోర్డులన్నీ రాసుకురమ్మన్నాను. ‘వీరి సౌజన్యంతో’ అని ఉన్న ప్రతి దాన్నీ: ప్లాంటు, టాయిలెట్, సోలార్ లైటు, డిజిటల్ క్లాస్‌రూం, బస్ షెల్టర్. ఎవరు, ఎప్పుడు, ఇప్పుడు పని చేస్తోందా, తాళం ఎవరి దగ్గర. పిల్లలు తెచ్చిన నోటుపుస్తకాలు చూసి నాకు నిద్ర పట్టలేదు. ఒక చోట ‘డిజిటల్ క్లాస్‌రూం’లో యూరియా బస్తాలున్నాయి. బస్ షెల్టర్లు మాత్రం అన్నీ బాగున్నాయి. వాటికి కరెంటు అక్కర్లేదు కదా.

---

పేరొద్దు_2019 • జూన్ 7, 10:55

ఇంతసేపు చదివి ఊరుకుందామనుకున్నా. నేను ఒక కంపెనీలో సీఎస్ఆర్ చూస్తాను (మీ ఊరి కంపెనీ కాదు తమ్ముడూ, భయపడకు). మా వైపు కూడా వినండి.

మార్చి 31 అంటే మాకు పరీక్ష. డబ్బు మిగిలితే, నడుస్తున్న ప్రాజెక్టుదైతే 30 రోజుల్లో వేరే ఖాతాలో వేసి మూడేళ్లలో ఖర్చు చేయాలి, లేకపోతే ఆరు నెలల్లో ప్రధానమంత్రి సహాయనిధి లాంటి నిధికి పంపాలి. అలా పంపితే కంపెనీ బోర్డు పేరు ఎక్కడా పడదు. అందుకే ఫిబ్రవరిలో పైనుంచి ఒకటే మాట: ‘తొందరగా అయ్యేది, కనబడేది చూడండి’. తొందరగా అయ్యేదీ కనబడేదీ ఏంటి? వాటర్ ప్లాంటు! రెండు వారాల్లో లేస్తుంది. రిబ్బన్, ఫొటో, బిల్లు, అన్నీ మార్చిలోపే.

నడపడం దగ్గరకొచ్చేసరికి ఎవరికీ పద్దు లేదు. మెంబ్రేన్ రెండు మూడేళ్లకు మార్చాలి, ఫిల్టర్లు అంతకంటే ముందే. ఆపరేటర్‌కు నెల జీతం, కరెంటు. నేను ఒకసారి ‘కొత్తవి పది వద్దు, ఐదు పెట్టి మూడేళ్లు నడుపుదాం’ అని ప్రతిపాదన పెట్టాను. చట్టం ఒప్పుకుంటుంది, మొదలైన ఏడాది కాక మరో మూడేళ్ల దాకా ఒకే ప్రాజెక్టుగా చూపించొచ్చు. మీటింగులో అడిగిన ప్రశ్న ఒక్కటే: ‘మరి పోయినేడాది కంటే సంఖ్య తగ్గుతుంది కదా?’

ప్రభావ అంచనా అని ఒకటుంది. సగటున ఏటా 10 కోట్లు, ఆ పైన సీఎస్ఆర్ బాధ్యత ఉన్న కంపెనీలకే, అదీ కోటి రూపాయలు, అంతకు మించిన ప్రాజెక్టులకే తప్పనిసరి. మీ ఊరి ప్లాంటు ఆ వలలో పడదు.

ఊళ్లు కూడా ఒకటి చేయాలి. మేం వచ్చినప్పుడు ‘ఏం కావాలి’ అంటే ప్రతి ఊరూ చెప్పేది కమ్యూనిటీ హాలు, గుడికి గేటు, వాటర్ ప్లాంటు. ‘ఎవరు నడుపుతారు’ అని అడిగితే అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు.

---

నౌకరీ_ముఖ్యం • జూన్ 7, 11:20

భగీరథ నల్లా ఇంటింటికి వచ్చినంక ఈ ప్లాంట్లు దేనికసలు? అదే నాకు అర్థం కాదు. ఆర్వోల లీటరు నీళ్లు తీస్తే ఇంకో లీటరు పైననే మోరీల పోతయి. దీన్ని పట్టుకొని సుస్థిర అభివృద్ధి అంటే నవ్వొస్తది.

---

గంగదేవిపల్లి_దారి • జూన్ 7, 1:05

నౌకరీ అన్న తొలిసారి కరెక్ట్ మాట చెప్పిండు 😀 మోరీల పోయే నీళ్ల మీద ఎవడూ మాట్లాడడు.

మాది గంగదేవిపల్లి పక్క ఊరు, గీసుగొండ మండలమే. పోరడా, నీకు దగ్గరనే గదా, బండేస్కొని పోయి ఒకసారి చూడు. ఆ ఊరి గురించి అందరూ మద్యం బంద్ చేసిన ఊరు, పారిశుధ్యానికి 2007ల నిర్మల్ పురస్కారం వచ్చిన ఊరు అని చెప్తరు. నాకు నచ్చిన సంగతి వేరే. అక్కడ నీళ్లకు ఒక కమిటీ, పొదుపుకు ఒకటి, ఆరోగ్యానికి ఒకటి, వీధిలైట్లకు సుత కమిటీ. నీళ్ల ప్లాంటు బయటి సాయంతోనే వచ్చింది, బాలవికాస లాంటి సంస్థలు నేర్పిచ్చినయి. కని నడిపేది ఊరు. ఊకె నీళ్లు పోయరు, పైసలు కడ్తరు. ఆ పైసలకు లెక్క రాస్తరు. మెంబ్రేన్ పోతే కమిటీ దగ్గర పైసలుంటయి గనుక ఎవరి కాళ్లు పట్టుకునే పని లేదు.

మీ ప్లాంటుల నీళ్లు ఎంతకు పోసిండ్రు?

---

చెరువుకట్ట_పోరడు • జూన్ 7, 1:30

ఫ్రీ. మొదటి రోజు సర్పంచ్ మైకుల చెప్పిండు, ‘ఎవ్వరు రూపాయి ఇయ్యొద్దు’ అని. చప్పట్లు కొట్టినం.

---

గంగదేవిపల్లి_దారి • జూన్ 7, 1:33

గదే ఆ ప్లాంటుకు రోగం.

---

లెక్కలక్క • జూన్ 7, సాయంత్రం 5:10

నౌకరీ గారూ, మీ మొదటి మాటకు జవాబివ్వలేదు, ఇప్పుడిస్తాను. ఉద్యోగాలు ముఖ్యమే. కానీ సీఎస్ఆర్‌నూ కంపెనీ జవాబుదారీనీ ఒకటిగా చూడటం వల్లే ఈ గొడవంతా. సొంత ఉద్యోగులకు మాత్రమే పనికొచ్చేది సీఎస్ఆర్ కిందకు రాదు. మామూలు వ్యాపారంలో భాగంగా చేసేదీ రాదు. అంటే మిషన్ మీద కూర్చున్న ఆడపిల్లకు సరైన జీతం, పీఎఫ్, టాయిలెట్, రాత్రి షిఫ్టుకు బండి ఇవ్వడం దానం కాదు. అది వేరే చట్టాల కింద కట్టాల్సిన బాకీ. కాలువలోకి వదిలే నీళ్లూ అంతే, దానికి కాలుష్య నియంత్రణ మండలి అనుమతి, అందులో షరతులు ఉంటాయి. 98 శాతం లాభం ఎలా వచ్చిందన్నది వదిలేసి 2 శాతం ఎక్కడ పెట్టారో మాట్లాడుకోవడంలోనే మనం మోసపోతున్నాం.

స్టాక్ మార్కెట్లో లిస్టయిన మొదటి 1000 కంపెనీలు 2022–23 నుంచి మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీకి బాధ్యత నివేదిక ఒకటి తప్పనిసరిగా ఇవ్వాలి. ఎంత నీళ్లు తోడారు, ఎంత వదిలారు, ఆడవాళ్ల జీతం మగవాళ్ల జీతంలో ఎంత, పని చేస్తూ ఎంతమందికి దెబ్బలు తగిలాయి, ఫిర్యాదులు ఎన్ని వచ్చాయి, ఎన్ని మిగిలాయి, అన్నీ అందులో ఉంటాయి. చెట్లు నాటిన ఫొటో పేజీ దాటి ఆ పట్టికలు చదవండి. లిస్టు కాని కంపెనీకి ఇది లేదు, అదొక పెద్ద కన్నం.

---

బొగ్గుబాయి_తాత • జూన్ 7, 6:00

కంపెనీ పోయినంక ఏందన్నది గూడ అడగాలె. మంగపేట కాడ కమలాపురం రేయాన్స్ కార్ఖానల 2014ల ఉత్పత్తి ఆగింది. కార్ఖాన ఉన్నన్నాళ్లు ఊరు పట్నం లెక్క, ఆగినంక క్వార్టర్లల్ల గడ్డి మొలిచింది. వచ్చేటప్పుడు పెట్టే రిబ్బన్‌కు చట్టముంది, పోయేటప్పుడు ఊరికి ఏం మిగులుతదో అడగనీకి ఒక కుర్చీ సుత లేదు.

---

వేదిక నిర్వాహకురాలు • జూన్ 8, 9:00

రెండు రాజకీయ పోస్టులు, ఒక రియల్ ఎస్టేట్ ప్రకటన తీసేశాను. కంపెనీ పేర్లు ఊహించి రాయొద్దు. పోరడు చెప్పనప్పుడు మీకెందుకు.

---

చెరువుకట్ట_పోరడు • జూలై 12, రాత్రి 10:15

మొన్ననే సమాచార హక్కు జవాబు వచ్చింది. 31 రోజులు పట్టింది, ఒక్క రోజు ఎక్కువ, కొట్లాడను.

ముందుగాల కంపెనీ నివేదిక సంగతి. అక్క చెప్పినట్టు 2020–21ది తీసి ‘వరంగల్’ అని వెతికితే ఏం రాలే. గంటసేపు తల పట్టుకున్న. తర్వాత యాదికొచ్చింది, అప్పటికి మాది వరంగల్ రూరల్ జిల్లా, 2021 ఆగస్టుల గదా పేర్లు మారింది. ‘రూరల్’ అని కొడితే దొరికింది. మా ఊరి పేరు లేదు. కొన్ని ఊర్లకు కలిపి ‘సురక్షిత తాగునీరు’ అని ఒకటే పద్దు.

ఇగ పంచాయతీ నుంచి వచ్చిన కాయితాలు. మొత్తం నాలుగు. రెండు కరెంటు బిల్లులు, ఒకటి ప్రారంభోత్సవం ఆహ్వానం. నాలుగోది అప్పగింత పత్రం. 2021 మార్చి 29. మూడే లైన్లు. ‘ప్లాంటును నేటి నుండి గ్రామ పంచాయతీకి అప్పగించడమైనది. ఇకపై నిర్వహణ బాధ్యత గ్రామ పంచాయతీ మరియు గ్రామ యువజన సంఘం వారిది.’ కింద కంపెనీ ముద్ర. పాత సర్పంచ్ సంతకం.

దానికింద యువజన సంఘం కార్యదర్శి సంతకం.

అది నాది.

అప్పుడు నేను బీటెక్ సెకండియర్, కరోనాతోని ఇంట్ల ఉన్న. సంఘానికి ఎవ్వరు ముందుకు రాకుంటే నన్ను కార్యదర్శి అన్నరు. ఆ రోజు స్టేజి ఎనక ఎవరో ప్యాడు పట్టుకొచ్చి ‘తమ్మీ ఇక్కడొకటి’ అంటే పెట్టిన. టీషర్టు అందినట్టు సంతకమనుకున్న. ఆ టీషర్టు ఇంక ఉంది, బండి తుడుస్తున్న దాంతోని.

నెల రోజుల నుంచి మీ అందరికి కంపెనీ మీద చెప్తున్న. ఏం రాయాలెనో అర్థమైతలేదు.

---

బొగ్గుబాయి_తాత • జూలై 12, 10:31

ఓరి బిడ్డా.

---

పేరొద్దు_2019 • జూలై 12, 10:50

తమ్ముడూ, నిజం చెప్తున్నా, నువ్వొక్కడివే కాదు. ఇలాంటి మూడు లైన్ల కాగితాలు నేనే తయారు చేయించా. యువజన సంఘం పేరు ఎందుకు పెడతామో తెలుసా? లబ్ధిదారుల భాగస్వామ్యం అని నివేదికలో ఒక గడి ఉంటుంది. ఆ గడి నిండాలి.

---

లెక్కలక్క • జూలై 13, ఉదయం 8:05

చట్టం ప్రకారం కంపెనీ తన పని చేసింది. ఆస్తి ప్రభుత్వ సంస్థకు అప్పగించింది, కాగితం ఉంది. దాని మీద ఫిర్యాదుకు పోతే నిలబడదు, ముందే చెప్తున్నా.

కానీ ఆ కాగితం రెండు వైపులా పదునే. బాధ్యత యువజన సంఘానిది అని వాళ్లే రాశారు కాబట్టి ఆ ప్లాంటు గురించి మాట్లాడే హోదా నీకు వాళ్లే ఇచ్చారు. జూన్ 5న ‘నువ్వెవరు బాబూ’ అన్నట్టు చూసిన మేడంకు ఇప్పుడు కార్యదర్శి హోదాలో ఉత్తరం రాయి. బతిమాలినట్టు కాదు. మూడు అడుగు: ప్లాంటు సామర్థ్యం, వారంటీ కాగితాలు; నీటి పరీక్ష నివేదికలు; ఆపరేటర్‌కు శిక్షణ ఇచ్చిన రుజువు. ఇవి లేకుండా అప్పగించి ఉంటే ఆ మాట రాతలో వాళ్ల నుంచే రావాలి. కొత్త ఆర్థిక సంవత్సరానికి మూడేళ్ల నిర్వహణతో కలిపి ప్రతిపాదన కూడా పెట్టు. ఫిబ్రవరి దాకా ఆగకు.

---

ఎన్ఎస్ఎస్_సార్ • జూలై 13, 9:20

బాబూ, నీ కాగితం ఫొటో, పేర్లు కొట్టేసి, మా పిల్లలకు చూపించొచ్చా? వచ్చే క్యాంపులో మొదటి రోజు ర్యాలీ బదులు ఇది చదివిస్తాను.

---

చెరువుకట్ట_పోరడు • జూలై 13, 9:45

చూపియ్యండి సార్. సంతకం మాత్రం కొట్టెయ్యకుండ్రి.

---

నౌకరీ_ముఖ్యం • జూలై 14, 7:00

పోరడా, నిన్ను తిట్టిన గని... మా కజిన్ ఆర్వో మెకానిక్, కాశిబుగ్గల షాపు. మోటరు చూసిపొమ్మంట. రానుపోను పెట్రోల్ ఇయ్యి చాలు.

---

చెరువుకట్ట_పోరడు • ఆగస్టు 16, ఉదయం 6:50

నిన్న గ్రామసభ అయింది. స్పెషల్ ఆఫీసర్ సారు జెండా వేరే ఊర్ల ఎగిరేసి 40 నిమిషాలు లేటుగ వచ్చిండు. మందిలో సగం ఆడోళ్లే. ‘ఫ్రీ నీళ్లు బంద్ చేస్తవా’ అని మా పెద్దమ్మనే లేచి తిట్టింది. నౌకరీ అన్న వాళ్ల కజిన్ వచ్చి చూసి, మోటరు బాగనే ఉంది, స్టార్టరే కాలిందన్నడు. మెంబ్రేన్ మాత్రం పోయింది. మోరీల పోయే నీళ్లను స్కూలు మొక్కలకు మళ్లిద్దామంటే టీడీఎస్, అంటే నీళ్లల్ల కరిగిన ఉప్పులు, ఎక్కువుంటే మొక్కలు మాడుతయన్నడు. టాయిలెట్ల ట్యాంకుకు పైపు వేస్తే చాలన్నడు.

మహిళా సంఘం నుంచి ముగ్గురు, మా సంఘం నుంచి ఇద్దరు కలిసి కమిటీ. క్యానుకు 5 రూపాయలు. కొట్లాటైంది గని తీర్మానం రాసిండ్రు, పుస్తకంల, పేజీ నంబర్‌తో సహా.

కంపెనీ నుంచి జవాబు వచ్చింది. మెంబ్రేన్ ఇస్తం, మూడేళ్ల నిర్వహణ ‘పరిశీలనలో ఉంది’ అని. శిక్షణ రుజువు గురించి ఒక్క ముక్క లేదు. మెంబ్రేన్ తెచ్చే రోజు చిన్న కార్యక్రమం పెడ్దాం, టీషర్టులు తెస్తం అన్నరు. వద్దన్న. దాని బదులు నీళ్ల పరీక్ష కిట్ అడిగిన.

జూన్‌ల పెట్టిన మొక్కలు గూడ లెక్కపెట్టినం. 26 బతికినయి. ఎన్ని పెట్టినమో మేమే రాసుకోలే.

ఇప్పుడు కొత్త లొల్లి. కరెంటు కనెక్షన్ మల్ల ఇమ్మని ఎన్‌పీడీసీఎల్ ఆఫీసుకు పోతే మీటరు పంచాయతీ పేరు మీద లేదన్నరు. అప్పటి వార్డు మెంబర్ పేరు మీద ఉంది, ఆయన చనిపోయి రెండేండ్లు. పేరు మార్చనీకి ఏం కాయితాలు కావాలె, ఎవరికన్న ఎరుకనా?

---

గంగదేవిపల్లి_దారి • ఆగస్టు 16, 7:15

పేరు తర్వాత తమ్మీ. ముందు దాని మీద బకాయి ఎంతుందో అడిగినవా?